ఒక మీటరు, ఇరవై ముక్కలు

బతుకమ్మ పేర్చే ఇంట్లో పెరిగినవాళ్లకు రంగు అద్దడం కొత్త పనేమీ కాదు. తెల్లటి గునుగు పూలను కట్టలు కట్టి, గులాబీ, నీలం రంగుల నీళ్లలో ముంచి ఆరబెట్టిన చేతులే అవి. హోలీకి మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీసే ఇళ్లు తెలంగాణలో ఇంకా ఉన్నాయి. పెళ్లిలో పారాణి కోసం పసుపులో సున్నం కలపగానే ఎర్రగా తిరగడం అందరం చూసిందే. రంగు దానంతటది ఉండదు, దాని పక్కన ఏం చేరిందన్నదాన్ని బట్టి మారుతుంది అన్న పాఠం ఆ పళ్లెంలోనే ఉంది. అయినా పండుగ దాటగానే ఆ తెలివిని అటకెక్కించి, మిగతా ఏడాదంతా మ్యాచింగ్ సెంటరువాళ్లు చూపించిన రంగుతో సరిపెట్టుకుంటాం.

ఈ అధ్యాయాన్ని హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ హాస్టళ్లలో, అద్దె గదుల్లో, చిన్న ఫ్లాట్లలో ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడికి జనం వచ్చేదే నేర్చుకోవడానికి. కోర్సు, బ్యాచ్, సర్టిఫికెట్, ఇంటర్వ్యూ అన్న వరసలో రోజులు గడుస్తాయి. ఆ చదువు అవసరమే, దాన్ని తక్కువ చేయను. కానీ రోజంతా తెర మీద కళ్లు నిలిపిన మనిషికి చేతులతో చేసే పని ఒకటి ఉండాలని గట్టిగా నమ్ముతాను. బట్టకు రంగు వేయాలంటే పెరడు, బావి, కట్టెల పొయ్యి ఉండాలనుకుంటారు. అక్కర్లేదు. ఒక బాల్కనీ, రెండు బకెట్లు, వంటకు వాడని ఒక స్టీలు గిన్నె, ఇండక్షన్ పొయ్యి, గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

సరుకు కూడా దూరం కాదు. బట్ట అమీర్‌పేటలోనే దొరుకుతుంది. దానిమ్మ తొక్కలు జ్యూస్ సెంటర్ల చెత్తడబ్బాల్లోకి పోతున్నాయి, అడిగితే ఇస్తారు. ఉల్లిపొట్టు హాస్టల్ మెస్‌లో ఒక్కపూటకే సంచి నిండుతుంది. కరక్కాయ, పటిక, మంజిష్ఠ, అన్నభేది అనే ఇనుప లవణం మూలికలమ్మే దుకాణాల్లో ఉంటాయి. అమీర్‌పేటలో మెట్రో ఎర్ర లైను ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే బేగంబజార్ దగ్గరే, అక్కడ ఇవన్నీ ఒకే చుట్టులో కొనొచ్చు. బంతిపూలకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఉంది. అక్కడిదాకా వెళ్లలేకపోతే, పండుగ మర్నాడు గుమ్మానికి వాడిపోయిన దండ కూడా పనికొస్తుంది, బంతిపూలు ఎండినా రంగు వదలవు.

తొలిసారే చీరకో, దుపట్టాకో రంగు వేయబోకండి. మచ్చలు పడితే మనసు విరిగిపోతుంది, రెండోసారి గిన్నె పొయ్యెక్కదు. ఒక్క మీటరు తెల్ల నూలు పాప్లిన్ తీసుకోండి, 36 అంగుళాల పన్నాది. నేను చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క మీటరు మీదే నడుస్తుంది.

మొదట దాన్ని ఉతకాలి. కొత్త బట్టకు మిల్లులో పెట్టిన గంజి ఉంటుంది, అది పోకపోతే రంగు పైపైన నిలిచి చారలు కడుతుంది. వేడినీళ్లలో సబ్బు, చెంచాడు బట్టల సోడా వేసి అరగంట ఉడికించండి. ముడుచుకోవాల్సిన బట్ట కూడా ఇప్పుడే ముడుచుకుంటుంది. ఆరాక ఇస్త్రీ చేసి, వైపుకు 19 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించండి. అడ్డంగా నాలుగు, నిలువుగా అయిదు, మొత్తం ఇరవై ముక్కలు వస్తాయి. పక్కన మిగిలే పీలికను పారేయకండి, దానితో తర్వాత పనుంది.

ఇరవై ముక్కలకు ఒక అర్థం ఉంది. నాలుగు రకాల తయారీ, అయిదు రకాల రంగు. తయారీలు ఇవి: ఏమీ కలపని ఉత్త బట్ట, కరక్కాయ పట్టించింది, కరక్కాయ తర్వాత పటిక పట్టించింది, ఆ రెండూ పట్టించి, రంగు వేశాక అన్నభేది నీళ్లలో ముంచింది. రంగులు: దానిమ్మ తొక్క, బంతిపువ్వు, మంజిష్ఠ, ఉల్లిపొట్టు, చాయ్‌పత్తి. ప్రతి రంగుగిన్నెలో నాలుగు తయారీల ముక్కలూ ఒక్కొక్కటి పడతాయి. గిన్నె ఒకటే, నీళ్లు ఒకటే, సమయం ఒకటే. బయటికి తీసినప్పుడు నాలుగు ముక్కలు నాలుగు రంగుల్లో ఉంటాయి. ఆ క్షణంలో అర్థమైనంతగా ఏ పుస్తకం చదివినా అర్థం కాదు, ఈ పుస్తకంతో సహా.

తడిలో, ఉడుకులో ఏ ముక్క ఏదో గుర్తుంచుకోవాలంటే పెన్ను పనికిరాదు. తెల్ల పాలిస్టర్ దారంతో ముక్క మూలన టాకాలు వేయండి. ఒక టాకా ఉత్త బట్టకు, రెండు కరక్కాయకు, మూడు పటికకు, నాలుగు అన్నభేదికి. నూలుకు పట్టే రంగు పాలిస్టర్‌కు పట్టదు కాబట్టి ఆ టాకాలు దాదాపు తెల్లగానే మిగులుతాయి. మన దర్జీలు వాడే దారాల్లో ఎక్కువ పాలిస్టర్‌వే. కుట్టిన జాకెట్టుకు ఇంట్లో రంగు మారిస్తే కుట్లన్నీ పాత రంగులోనే పైకి తేలడానికి కారణం ఇదే. కుట్టాక రంగు వేసే ఉద్దేశం ఉంటే నూలు దారమే వాడాలి.

కరక్కాయ ఏం చేస్తుంది

నూలుపోగుకు పటిక తనంతట తాను సరిగా అంటదు. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చినవి, వాటికి అంటుతుంది. నూలుకు మధ్యవర్తి కావాలి. కరక్కాయలోని వగరు ఆ మధ్యవర్తి. వగరు నూలును పట్టుకుంటుంది, వగరును పటిక పట్టుకుంటుంది, పటికను రంగు పట్టుకుంటుంది.

తెలుగు నేల మీద అద్దకం నిలబడింది ఈ గొలుసు మీదే. పెడనలో, మచిలీపట్నంలో అచ్చులతో అద్దినా, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీసినా, బట్టకు ముందు కరక్కాయ, గేదెపాలు పట్టించాల్సిందే. పాలలోని కొవ్వు గీత పాకిపోకుండా ఆపుతుంది. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి పులియబెట్టిన కషాయం కరక్కాయ పట్టిన బట్ట మీద పడగానే నల్లగా తిరుగుతుంది. పటిక గీసినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. తెలుగు తెలిసిన ఫ్రెంచి జెసూట్ పాదిరీ గాస్టన్ కూర్దూ, అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకున్న ఈ విధానాన్ని 1742లో ఒక ఉత్తరంలో వివరంగా తన దేశానికి రాసి పంపాడు. మన తూర్పు తీరపు బట్టల కోసం ఐరోపా ఎగబడుతున్న కాలమది. రంగు ఎందుకు వెలిసిపోదో అక్కడివాళ్లకు తెలియాలి. అద్దకం కులవృత్తిగా నడిచిన చోట తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మాటగా, వాసనగా, వేలి కొసన జిగటగా అందిన విద్య అది. పరాయివాడు కూర్చుని రాసుకున్నాడు. మనం మాత్రం చాలాకాలం రాసుకోలేదు. శ్రీకాళహస్తిలో కలం పని దాదాపు ఆగిపోయే దశలో, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాల్సి వచ్చింది. మీ ఇరవై ముక్కలకు ఒక నోటుపుస్తకం పెట్టమని పట్టుబడుతున్నది అందుకే.

ఇక కొలతలు. ఏ దినుసైనా బట్ట బరువును బట్టి తూచాలి, కళ్లంచనా పనికిరాదు. పాప్లిన్ ముక్క ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములుంటుంది. పదిహేను ముక్కలకు కరక్కాయ కావాలి, అంటే 65 గ్రాముల బట్ట. అందులో అయిదో వంతు, 13 గ్రాముల కరక్కాయ పొడి, లీటరున్నర వేడినీళ్లలో కలిపి, ముక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పిండి, కడగకుండా నీడలో ఆరబెట్టండి. వాటిలో పదింటికి పటిక. ఏడు గ్రాముల పటిక వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, లీటరు నీళ్లు చేసి, రెండు మూడు గంటలు నానబెట్టండి. తీసి ఒక్కసారి మంచినీళ్లలో జాడించండి.

ఒక్కో రంగులో నాలుగే ముక్కలు, అంటే 18 గ్రాముల బట్ట. ఎండిన దానిమ్మ తొక్క, ఎండిన బంతిరేకలు, ఉల్లిపొట్టు, మంజిష్ఠ పొడి ఏదైనా 20 గ్రాములు తీసుకోండి, చాయ్‌పత్తి కూడా అంతే. నీళ్లలో గంటసేపు ఉడికించి వడగట్టి, ఆ నీళ్లలో ముక్కలు వేసి సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచండి, అప్పుడప్పుడు కదపండి. మంజిష్ఠ ఒక్కదానికి జాగ్రత్త వేరు. దాన్ని మరగనివ్వొద్దు. చేయి పెట్టలేనంత వేడి చాలు, తెర్లితే ఎరుపు గోధుమలోకి జారిపోతుంది. అన్నభేది అయిదు ముక్కలకు అర గ్రామే కావాలి, అంత తక్కువ ఇంటి కాటా తూచలేదు. అయిదు గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి, అందులోంచి 50 మిల్లీలీటర్లు కొలిచి తీసుకోండి. మరో లీటరు నీళ్లలో దాన్ని కలిపి, రంగు పట్టిన ముక్కలను అయిదు నిమిషాలు ముంచండి. నల్లదనం బాగుందని ఎక్కువ వేయకండి, ఇనుము కాలక్రమంలో నూలును తినేస్తుంది. పాత కలంకారీ బట్టల్లో నల్లగీతలున్నచోటే ముందు చిరుగులు పడటానికి కారణం అదే.

దానిమ్మ పటికతో పసుపుగా, అన్నభేదితో ముదురు ఆలివ్‌గా వస్తుంది. బంతి పటికతో మెరిసే పసుపు. చాయ్‌పత్తి ఇనుముతో బూడిద నలుపు. మంజిష్ఠ మీ నీళ్లను బట్టి ఉంటుంది. నల్లా నీళ్లలో ఒకలా, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో ఇంకోలా వస్తుంది, ఎరుపుకు సున్నం మేలే చేస్తుంది. అందుకే నోటుపుస్తకంలో నల్లానా, బోరా, ట్యాంకరా అన్నది తప్పకుండా రాయాలి. అపార్ట్‌మెంటులో ఎండాకాలం నీళ్లు మారిపోయినప్పుడు రంగు ఎందుకు మారిందో ఆ ఒక్క మాట చెబుతుంది. బీట్‌రూట్, ఎర్ర క్యాబేజీతో బట్టలకు రంగు వేయొచ్చని చూపించేవాళ్ల మాట నమ్మకండి, రెండు ఉతుకుల్లో పోతుంది. పసుపు బాగా పడుతుంది కానీ ఎండకు ఆగదు.

గంట సేపు పొయ్యి దగ్గర నిలబడే వీలు లేనివాళ్లకు కోల్డ్ బ్రాండ్ రియాక్టివ్ రంగులున్నాయి. ఇంగ్లండులో ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు 1954లో కనిపెట్టిన పద్ధతి, 1956లో బజారుకొచ్చింది. ఈ రంగు నూలుతో రసాయనికంగా కలిసిపోతుంది, పొయ్యి అక్కర్లేదు, హైదరాబాదు గది వేడే సరిపోతుంది. 100 గ్రాముల బట్టకు రెండు లీటర్ల నీళ్లు, రెండు గ్రాముల రంగు, 100 గ్రాముల ఉప్పు. అరగంట కదిపాక 30 గ్రాముల సోడా యాష్ విడిగా కరిగించి కలిపి, ఇంకో గంట ఉంచాలి. సోడా పడ్డాక రంగునీళ్లు నిలవవు, మర్నాటికి దాచడం వృథా. స్ఫటికాలుగా ఉండే బట్టల సోడాలో సగానికి పైగా నీరే. దాన్ని వాడితే రెండున్నర రెట్లకు పైగా వేయాలి. పొడి కలిపేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి, ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరికి ఆయాసం పట్టుకుంటుంది. సహజ రంగులు కదా అని మైలుతుత్తం, బైక్రోమేట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. హాస్టల్ గదిలో వాటికి చోటు లేదు.

అదే టాకా

ఇప్పుడు ఆ మిగిలిన పీలిక తీయండి. ప్రతి రంగులోంచి ఒక ముక్కకు చిన్న తెల్ల పీలిక కుట్టి సబ్బు నీళ్లలో ఉతికి ఆరబెట్టండి. తెల్లదానికి రంగు అంటిందంటే, తర్వాత చేసే పనుల్లో ఆ రంగును లేత రంగు పక్కన కుట్టకూడదు. ఇంకో పరీక్ష ఎండది. ముక్కలో సగానికి అట్టముక్క కప్పి రెండు వారాలు కిటికీలో పెట్టండి, అట్ట తీసినప్పుడు రెండు సగాలకూ తేడా తెలిసిపోతుంది. ఈ రెండూ చేయకుండా ఎవరికీ ఏదీ రంగు వేసి ఇవ్వకండి.

కుట్టు విషయంలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. సూదిపనిలో అన్నిటికంటే తేలికది కచ్చా టాకా, పైకీ కిందికీ వెళ్తూ పోయే ఉత్త కుట్టు. రంగులో ముంచేముందు బట్ట మీద వరసగా టాకాలేసి దారం బిగించి లాగితే, ముడతల్లోకి రంగు పోదు, విప్పాక తెల్లటి చుక్కల చారలు మిగులుతాయి. జపానులో షిబోరీ పేరుతో చేసే పనిలో ఇదొక ప్రధాన పద్ధతి. అదే టాకాను లాగకుండా వదిలేస్తే రెండు బట్టలను కలుపుతుంది. మన బొంత మొత్తం ఆ కుట్టే. రంగును ఆపడానికీ, బట్టను అతకడానికీ చేతికి ఒక్కటే కదలిక. ఒక సాయంత్రం దీన్ని సాధన చేస్తే రెండు విద్యలు మొదలైనట్టే.

అతుకంటే లోపం అని మనకెవరో నేర్పారు. గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేక, అంచు పేక మగ్గం మీదే ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి, ఆ నేతను కుప్పడం అంటారు. కొంగు దగ్గర పట్టు పడుగును నూలు పడుగుకు పోగు పోగుగా కలుపుతారు. చీరలో విలువంతా ఆ కలిపిన చోటే ఉంది. లంబాడా స్త్రీల ఫేటియా (పావడా), కాంచళి (రవిక) మీద రంగు రంగు ముక్కలు అతికి, అతుకు మీదే అద్దం కుట్టి, కంటికి మరింత కనబడేలా చేస్తారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు పాత బట్టలతో కవంద్ అనే బొంత కుట్టేటప్పుడు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ ఊరి నల్లజాతి స్త్రీలు చలికి కప్పుకోవడానికి పాత పనిబట్టల ముక్కలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం గోడలకు వేలాడదీశారు. మన అమ్మమ్మలు పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి కుట్టిన బొంతలకు ఆ గోడల మీద ఉండే అర్హత ఏమాత్రం తక్కువ కాదు. అవి చిరిగేదాకా వాడేశాం కాబట్టి ఇప్పుడు చూపించడానికి లేవు.

మీ ఇరవై ముక్కలను కత్తిరించిన వరసలోనే పరవండి. అడ్డంగా నాలుగు తయారీలు, నిలువుగా అయిదు రంగులు. సెంటీమీటరు మార్జిన్ వదిలి, ముందు అడ్డవరసలు అయిదూ విడివిడిగా కుట్టుకోండి. పడుగు దిశ అన్ని ముక్కలకూ ఒకటే ఉండాలి, లేకపోతే ఉతికాక ఒక ముక్క ఒకవైపు లాగుతుంది. మొదటి వరస మార్జిన్లు కుడికి, రెండోదానివి ఎడమకు మడిచి ఇస్త్రీ చేయండి. వరసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, దళసరి కట్టదు. మిషను లేకపోతే చేత్తోనే కుట్టొచ్చు, నాలుగైదు టాకాలకొకసారి వెనక్కి ఒక టాకా వేస్తే ఊడదు. వెనక పాత నూలు చీర ముక్క పరిచి, మధ్య నుంచి అంచులకు కచ్చా టాకాలతో రెండు పొరలూ కలపండి. లోపలి మార్జిన్లు కనబడవు కాబట్టి ఓవర్‌లాక్ అక్కర్లేదు. ఒకే పొరతో కర్టెన్ లాంటిది కుడితే మాత్రం జీన్సు ప్యాంటు పక్కన ఉండే రెండు మడతల కుట్టు వేయాలి, రెండు వైపులా పోగు బయటపడదు. మొదటి బొంతలో పట్టునూ నూలునూ కలపొద్దు, రెండూ ఒకేలా ముడుచుకోవు. గద్వాల నేతగాళ్లకు తరాల సాధన ఉంది.

కుట్టడం అయ్యేసరికి సుమారు 68 సెంటీమీటర్ల వెడల్పు, 85 పొడవు ఉన్న గుడ్డ మీ చేతిలో ఉంటుంది, స్టడీ టేబుల్ మీద పరుచుకునేంత. ఏ రంగుకు ఏ తయారీ పడితే ఏమవుతుందో చెప్పే పట్టిక అదే. తర్వాత దుపట్టాకు రంగు వేయాలనుకున్నప్పుడు ఆ గుడ్డ మీద కావలసిన చదరం చూపుడువేలితో చూసుకుని, నోటుపుస్తకంలో ఆ పేజీ తీసి, దుపట్టాను తూచి, లెక్క పెంచితే సరిపోతుంది. నచ్చని చదరాలు ఉంటాయి. వాటిని విప్పి తీసేయకండి, పట్టికలో వాటి చోటు వాటిదే.

బేగంబజార్ వెళ్లేవాళ్లు పావుకిలో కరక్కాయ పొడి, వంద గ్రాముల పటిక, వంద గ్రాముల మంజిష్ఠ, అతి కొంచెం అన్నభేది తీసుకోండి. దుకాణంలో కరక్కాయ కాయలుగా ఇస్తే గింజ తీసేసి పెచ్చు మాత్రమే దంచండి. గిన్నెకు, గరిటెకు ఎర్రదారం కట్టి వంటింటి సామానుకు దూరంగా పెట్టండి. హాస్టల్లో ఉంటే వార్డెన్‌కు ముందే చెప్పి బాల్కనీ అడగండి, పక్క గది అమ్మాయిని కూడా పిలవండి. ఒకరు తూస్తుంటే ఇంకొకరు రాయాలి.